ఆశీర్వాదం గారు ఆర్పిన లైటు

నిన్న పొద్దున ఒక కారు డ్రైవరు తలుపు తెరిచి, గడప మీద మోకాలు ఆనించి, స్టీరింగు కిందికి తల దూర్చాను. ఉప్పు వాసన, దాని వెనకే రొయ్యల మేత వాసన ఒక్కసారిగా కొట్టాయి. చిట్టమూరు పక్క నుంచి వచ్చిన బండి అది. రొయ్యల గుంటల మీద తిరిగే బండ్లన్నీ అంతే, ఎంత కడిగినా ఆ వాసన రబ్బరు మ్యాట్ల కిందనుంచి పోదు. అక్కడ కంటికి ఏమీ కనిపించదు కాబట్టి ఎడమచేత్తో తడుముకుంటూ పోయాను. ప్లాస్టిక్ అంచు, వైర్ల కట్ట, దుమ్ము, ఆ తర్వాత వేళ్లకి తగిలింది. ఒకవైపు వెడల్పుగా, ఇంకోవైపు ఇరుకుగా, లోపల రెండు వరసల చిన్న రంధ్రాలతో ఉండే సాకెట్టు. ఓబీడీ పోర్టు అంటారు. స్కానరు తగిలించేది దానికే. కారు తన జబ్బేమిటో చెప్పుకునేది అక్కడే.

"స్కానరూ వద్దు, గీనరూ వద్దులేక్కా," అన్నాడు బండి తెచ్చినాయన, ఫోను చూసుకుంటూనే. "ఆ పచ్చలైటు ఒక్కటి ఆర్పెయ్. మామోళ్లు ఎక్కేటప్పుడు అది కనపడగూడదు, అంతే."

"ఆర్పను," అన్నాను. "ముందు చదువుతా. ఏముందో చూసి బాగుచేస్తా. బాగైతే ఆర్పడానికి నాకేం బాధ లేదు."

ఆడమనిషి దగ్గరికి బండి తేవడమే ఎక్కువ, పైగా ఈమెకి పొగరు కూడానా అన్నట్టు చూశాడు. ఆ చూపు నాకు అలవాటే. కానీ ఆ ఇరుకులో, ఆ వాసనలో, సాకెట్టు మీద వేళ్లు పెట్టుకుని ఉండగా ఆ మాట చెవిన పడేసరికి నాకు పాత సంగతి గుర్తొచ్చింది. ఇదే మాటకు ఒకప్పుడు సరేనన్న మనిషి ఒకాయన ఉండేవారు. ఆయన గురించి రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. ఇన్నాళ్లూ మనసు రాలేదు.

ఆశీర్వాదం గారిని మీలో ఎవరూ చూసి ఉండరు. బిట్రగుంటలో రైల్వే కాలనీ వెనక, పాత క్వార్టర్ల వరస అయిపోయే చోట ఒక రేకుల షెడ్డు ఉంది. అది ఆయనది. తండ్రి బొగ్గింజన్ల కాలంలో లోకో షెడ్డులో పనిచేశాడట. ఈయన మాత్రం రైలు జోలికి పోలేదు. కావలిలో లారీల వైరింగు నేర్చుకుని, కార్లలోకి కంప్యూటర్లు వచ్చాక ఆ పనికి మారారు. మనిషి బక్కపలచన, గొంతు మాత్రం ఊరంత. కార్లను తిట్టేవారు. "నీకేం తక్కువ చేసినామే, మొన్నగదా కొత్త బ్యాటరీ ఏసింది" అని బానెట్ మీద చరిచి మరీ నిలదీసేవారు. కారుకి కోపం వచ్చేది కాదుగానీ కారు తెచ్చినవాళ్లకి వచ్చేది. ఆదివారం నాడు మాత్రం వేరే మనిషి. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని, సంఘపెద్దల వరసలో కూర్చునేవారు. క్రీస్తు జ్ఞాపకంగా అందరూ రొట్టె తినే ప్రభువు బల్ల నాడు, ఆ రొట్టె పళ్లెం అందరి దగ్గరికీ తీసుకుపోయేది ఆయనే. ఆ రోజు గొంతు కూడా తగ్గించేవారు. మా ఆయన ప్రభాకర్‌కి దూరపు వరసలో పెదనాన్న అవుతారు. నేనూ పెదనాయనా అనే పిలిచేదాన్ని.

మా అత్త పేరు మార్తమ్మ. నాకు కారు నడపడం నేర్పించిందే ఆమె. అంటే ఆమెకి వచ్చని కాదు, పోరు పెట్టి నన్ను నేర్చుకునేలా చేసింది. ప్రభాకర్ గూడ్స్ రైళ్ల మీద గార్డు, ఇంట్లో ఉండే రోజులు తక్కువ. "వాడొచ్చేదాకా కూచుంటే నేను ఆస్పత్రికి కూడా పోలేను మే. నువ్వు నేర్చుకో ఎస్తేరూ," అనేది. ఆమెకి మోకాళ్ల నొప్పులు. డ్రైవింగ్ స్కూలు కారులో నేను గేర్లు మార్చలేక ఏడుస్తుంటే వెనక సీటులో కూర్చుని నవ్వేది. మా అమ్మ దగ్గర కూడా నేను అంత అల్లరి చెయ్యలేదు. ఆమె నన్ను కోడలా అని పిలవగా ఎప్పుడూ వినలేదు.

సెకండ్ హ్యాండ్ కారు కొన్నాం. చూడ్డానికి బాగానే ఉంది కానీ కొన్న మర్నాటి నుంచి మీటర్ల మధ్య ఇంజను బొమ్మ ఉన్న పసుపుపచ్చ లైటు ఒకటి వెలగడం మొదలుపెట్టింది. బండి మాత్రం నడుస్తోంది. చూడ్డానికి వచ్చి ఎక్కి కూర్చున్న ప్రతివాళ్లూ "ఏంది మార్తమ్మా, లైటు ఎలగతా ఉండాది?" అని అడిగేవారు. అత్తకు తల కొట్టేసినట్టుండేది. మాలో కొత్తగా ఏది కొన్నా ప్రార్థన చేయించాకే వాడుకుంటాం. బండి అయితే సంఘమంతా వాకిట్లో చుట్టూ నిలబడుతుంది. పాస్టరు గారు బానెట్ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తారు. ఆమెన్ అన్నాక ఆయనే తాళం తిప్పి, బండి స్టార్ట్ చేసి, తాళం ఇంటివాళ్ల చేతికిస్తారు. ఆ తాళం తిప్పేటప్పుడు అందరూ తలుపుల్లోంచి తొంగిచూస్తారు. అత్త భయమంతా ఆ క్షణం గురించే.

ప్రార్థన నాడు పొద్దున నేను వంటింట్లో ఉన్నాను. ప్రభాకర్ పాస్టరు గారిని తీసుకురావడానికి వెళ్లాడు. ఆశీర్వాదం గారు అందరికంటే ముందు వచ్చి కుర్చీలు వేయిస్తున్నారు. "ఆశీర్వాదం బావా, ఇట్రా ఒకసారి," అని అత్త పిలవడం వినిపించింది. తర్వాత కిటికీలోంచి చూస్తే ఆయన కారు తలుపు తెరిచి మోకాళ్ల మీద ఉన్నారు. తల లోపల, వంగిన వీపు బయట. అత్త పక్కన నిలబడి వీధివైపు చూస్తోంది. సంఘపెద్ద గదా, అందరికంటే ముందు తానే ప్రార్థన చేసుకుంటున్నారు కాబోలు అనుకున్నాను. తలమీద కొంగు సర్దుకుని నేనూ ఒక నిమిషం కళ్లు మూసుకున్నాను. ఇప్పుడది తలుచుకుంటే నవ్వూ వస్తుంది, సిగ్గూ వేస్తుంది.

పాస్టరు గారు తాళం తిప్పారు. మీటర్ల లైట్లన్నీ వెలిగి, ఇంజను స్టార్టయి, ఒక్కొక్కటే ఆరిపోయాయి. పచ్చలైటు కూడా ఆరిపోయింది. తొంగిచూస్తున్న ఆడవాళ్లలో ఒకామె అరిచినంత పని చేసింది. "ఆ లైటు ఆరిపోయిందే మార్తమ్మా! ప్రార్థనలోనే ఆరిపోయిందే!" అందరూ అత్తవైపు తిరిగారు. అత్త ఆశీర్వాదం గారివైపు చూసింది. చూసి, "అంతా ఆయన కృప," అంది. స్తోత్రం, స్తోత్రం అన్నారందరూ. పాస్టరు గారు కూడా కళ్లు తుడుచుకున్నారు. ఆశీర్వాదం గారు కుర్చీ వీపు పట్టుకుని నిలబడి నోరు తెరిచారు. మళ్లీ మూసుకున్నారు. ఇది నేను చూశాను, కానీ అప్పుడు నాకేమీ అర్థం కాలేదు.

ఆ తర్వాత ఆదివారం చర్చిలో ఆ లైటు సంగతి దేవుడు చేసిన మేలుకు సాక్ష్యంగా చెప్పుకున్నారు. దాంతో ఇక బండిని షెడ్డుకి తీసుకుపోవడం కుదరని పనైపోయింది. దేవుడు బాగుచేసిన బండి మెకానిక్ దగ్గర కనిపిస్తే జనం ఏమనుకుంటారు? ఒకసారి ఆశీర్వాదం గారు సైకిలు మీద వెళుతూ మా గేటు దగ్గర ఆగారు. "బండి ఒకసారి తీసుకురా మే, చూస్తా," అన్నారు నాతో. నా వెనకనుంచి అత్త గట్టిగా "బండికేం, బంగారంగా ఉండాది," అంది. ఆయన పెడలు మీద కాలు పెట్టి, బండివైపు ఒకసారి చూసి వెళ్లిపోయారు.

చిట్టమూరులో అత్త చెల్లెలికి ఒంట్లో బాగాలేదని కబురొచ్చింది. ప్రభాకర్ డ్యూటీలో ఉన్నాడు. రోహిణి కార్తె ఎండలు. అత్త ఎప్పటిలాగే వెనక సీటులో కాళ్లు చాపుకుని కూర్చుంది. నెల్లూరు దాటాక కూడా ఏదో కీర్తన పాడుకుంటూనే ఉంది. మనుబోలు దగ్గర ముందు పోతున్న ట్రాక్టరును దాటడానికి కుడివైపుకి వచ్చాను. అక్కడిదాకా నాకు స్పష్టంగా గుర్తుంది. ఆ తర్వాత బండిలో శబ్దం ఆగిపోయింది. స్టీరింగు బిగిసిపోయింది. అత్త పాట ఆపి "ఏమైంది మే?" అంది. అదే ఆమె చివరి మాట. వెనక వస్తున్న లారీకి ఆగడానికి చోటు లేకపోయింది.

నాకు మెడకింది ఎముక విరిగింది. అత్త ఆ సీటులోనే పోయింది.

లారీ డ్రైవరు "ఆ యమ్మ నడిరోడ్డులో బండి ఆపేసింది సార్" అని చెప్పాడు. బండి వెనక సగం నుజ్జయింది, ముందు సగానికి పెద్దగా ఏమీ కాలేదు. మనుబోలు పోలీసు స్టేషను ఆవరణలో ఎవరో తాళం తిప్పితే ఏమీ ఎరగనట్టు స్టార్టయింది. ఇక అందరికీ సంగతి తేలిపోయింది. నా ఆడబిడ్డ రూతు సమాధి తోటలో, మట్టి ఇంకా తడిగా ఉండగానే, నా ముఖం మీదే అంది. "స్టార్టయ్యే బండి ఎట్టా ఆగతాది? క్లచ్చి వదిలేసింది. మా యమ్మని తీసుకుపోయి నడిరోడ్డులో పెట్టింది." ఎవరూ ఆమెను వారించలేదు. ప్రభాకర్ నేలచూపులు చూస్తూ నిలబడ్డాడు. ఇంటికొచ్చాక నాకు అన్నం పెట్టాడు, మందులిచ్చాడు, మాట మాత్రం ఆడలేదు. అత్తను చంపిన కోడలు అనే మాట బిట్రగుంటలో నాకంటే ముందే ఇల్లు చేరేది.

వాళ్ల మీద నాకు కోపం రాలేదంటే నమ్మండి. కోపం రావాలంటే నేను కాదని నాకు తెలిసి ఉండాలి. నా కాలు ఏం చేసిందో నాకు గుర్తులేదు. పడుకుంటే ఎడమకాలు దానంతటదే మంచం మీద నొక్కేది, వదిలేది. వదిలేశానేమో. ట్రాక్టరును చూసి భయపడి, నేర్చుకునే రోజుల్లో చేసినట్టే, గేరు మార్చబోయి బండి చంపేశానేమో. నన్ను కూతురిలా చూసుకున్న మనిషిని ఈ కాలే చంపిందేమో. ఆ కాలిని నరుక్కోవాలనిపించేది. నాకు కావలసింది ఎవరి క్షమాపణా కాదు, అది నేనా కాదా అన్నది ఒక్కటే. అది చెప్పగలిగిన మనిషి ఎవరూ లేరనుకున్నాను.

ఒకరోజు ఆశీర్వాదం గారు స్కానరు పెట్టె చంకలో పెట్టుకుని మా ఇంటికొచ్చారు. కూర్చోలేదు. ప్రభాకర్‌ని, నన్ను, అక్కడే ఉన్న రూతును చూసి "లెయ్యండి, మనుబోలు పోవాల," అన్నారు. "బ్యాటరీ వైరు ఎవుడన్నా పీకితే బండి కంప్యూటర్లో ఇంక ఏమీ మిగలదు." ఎందుకని అడిగితే తిట్టారు. ఆ తిట్టు విన్నాక ముగ్గురమూ లేచాం. కావలి నుంచి ఒక జీపు మాట్లాడుకుని వచ్చారు. దారిపొడుగునా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నారు.

స్టేషను ఆవరణలో పట్టుకున్న ఇసుక ట్రాక్టర్ల పక్కన మా కారు ఉంది. వెనక సీటువైపు నేను చూడలేదు. స్టేషనులో అడిగి వచ్చి, ఆశీర్వాదం గారు డ్రైవరు తలుపు లాగి, మోకాళ్ల మీద కూర్చుని, తల లోపలికి పెట్టారు. ఆ వంగిన వీపు చూడగానే వంటింటి కిటికీ గుర్తొచ్చింది నాకు. ఆయన తగిలించి, తాళం తిప్పి, తెరమీద చాలాసేపు చూశారు. తర్వాత ప్రభాకర్‌ని పిలిచి చూపించారు. క్రాంకు సెన్సారు అని ఒకటుంటుంది, ఇంజను తిరుగుతోందని కంప్యూటర్‌కి చెప్పే చిన్న ముక్క. అది వేడెక్కితే చచ్చిపోతోంది, చల్లారితే బతుకుతోంది. అది చచ్చినప్పుడు కంప్యూటర్ ఇంజనును ఆపేస్తుంది. ఆపిన క్షణంలో బండి ఎంత వేగంలో ఉందో కూడా గుర్తుపెట్టుకుంటుంది.

"ఈ స్పీడు సూడు. క్లచ్చి వదిలితే ఇట్టా రాదు," అన్నారు. "పరిగెత్తే బండి పరిగెత్తతానే చచ్చింది. ఇది ఎస్తేరు ఆపింది కాదు."

నేను బండి తలుపు పట్టుకున్నాను. కానీ ప్రభాకర్ నెమ్మదిగా ఒక ప్రశ్న అడిగాడు. అందులో ఎకసెక్కం లేదు, నిజంగానే అడిగాడు. "మరి ఇన్నాళ్లూ లైటు యాడుండాది పెదనాయనా? సెన్సారు చెడితే లైటు ఎలగాల గదా. ఆ లైటు దేవుడే ఆర్పినాడు గదా. బాగైన బండి ఎట్టా చెడతాది?" రూతు అందుకుంది. "వదిన్ని కాపాడను ఏదో ఒకటి చెప్తా ఉండాడు. ఆ పెట్టెలో ఏం రాసుండాదో మనకేం తెలుసు!"

ఆశీర్వాదం గారు తెరమీద ఇంకో వరస వైపు చూస్తున్నారు. ఆ వరస ఏమిటో నాకు తర్వాత ఆయనే నేర్పారు. స్కానరుతో కంప్యూటర్ జ్ఞాపకాన్ని చెరిపేస్తే, చెరిపినప్పటి నుంచి బండి ఎంత దూరం తిరిగిందో అది కొత్తగా లెక్కపెట్టడం మొదలుపెడుతుంది. లైటు దానంతటది ఆరితే ఆ లెక్క అలా మొదటికి రాదు. చెరిపాక లైటు మళ్లీ వెలగాలంటే ఆ సెన్సారు మళ్లీ వేడెక్కి చావాలి. ఆ తెరమీద ఉన్న దూరం, ప్రార్థన నాటి పొద్దున మా వాకిట్లో మొదలై మనుబోలు దాకా బండి తిరిగిన మొత్తం దూరం. అంతకు మించి లేదు. అది చూసినవాళ్లలో దాని అర్థం తెలిసింది ఆయనొక్కరికే. స్కానరు పీకి, తీగ చుట్టి, పెట్టెలో పెట్టేసి ఎవరికీ చెప్పకుండా ఉండిపోవచ్చు. ఆయన నేలమీద చతికిలబడ్డారు. అక్కడే కూర్చుని "ఆదివారం చర్చికి రండి ముగ్గురూ," అన్నారు. "అందరిముందూ నోరు మూసుకున్నా. అందరిముందే తెరవాల."

ఆ ఆదివారం సాక్ష్యాల సమయంలో ఆయన లేచి ముందుకు వచ్చారు. గొంతు దించలేదు, షెడ్డులో కార్లను తిట్టే గొంతుతోనే మాట్లాడారు. "మార్తమ్మ బండిలో లైటు దేవుడు ఆర్పలేదు. నేను ఆర్పినా. పాస్టరయ్యగారు వస్తా ఉన్నారని, సైకిలు సంచిలో ఉన్న స్కానరు తెచ్చి తొందరలో ఆర్పినా. లోపల ఏముండాదో చదవను కూడా చదవలేదు. ప్రార్థన అయినాక చూద్దామనుకున్నా. మీరంతా స్తోత్రం అంటే నోరు రాలేదు నాకు." తర్వాత ఒక్కసారిగా అందరూ మాట్లాడారు. ముందు వరసలో ఉన్న సంఘపెద్ద ఒకాయన లేచి, "ఎవురు అడిగినారయ్యా నిన్ను ఆర్పమని?" అన్నాడు.

"ఆశీర్వాదం బావా, ఇట్రా ఒకసారి," అన్న అత్త పిలుపు నా చెవుల్లో ఉంది. రూతు తలెత్తి ఆయన ముఖంలోకే చూస్తోంది. ఆశీర్వాదం గారు రూతును చూశారు, నన్ను చూశారు.

"ఎవురూ అడగలేదు," అన్నారు. "బండి నీటుగా కనపడాలని నేనే ఆర్పినా. మార్తమ్మకేం తెలవదు. ఆయమ్మ కృప అనింది, అది అబద్ధం కాదు. ఎస్తేరు కాలు కాదు ఆయమ్మని చంపింది. నా చెయ్యి."

అని కుడిచెయ్యి పైకెత్తి చూపించారు. నా పక్కనున్న ప్రభాకర్ నా చెయ్యి వెతుక్కుని పట్టుకున్నాడు. అత్త పోయాక అతను నన్ను తాకడం అదే మొదలు. నేను ఏడ్చాను. తేలికపడి ఏడ్చానా, ఆయన్ని చూసి ఏడ్చానా అంటే చెప్పలేను. రూతు లేచి బయటికి వెళ్లిపోయింది.

ఆ తర్వాత ఆయన సంఘపెద్దగా లేరు. తీసేశారని కొందరు, తానే వదులుకున్నారని కొందరు అంటారు. నాకు తెలిసి రెండూ జరిగాయి. సంఘంలో చాలామంది ఆయన దగ్గరికి బండ్లు తేవడం మానేశారు. ప్రాణం తీసినందుకు కొందరు, తమ సాక్ష్యాన్ని నవ్వులపాలు చేసినందుకు ఇంకొందరు. రెండోరకం వాళ్ల కోపమే ఎక్కువకాలం నిలిచింది. ఆయన మాత్రం చర్చి మానలేదు. వెనక బెంచీలో కూర్చునేవారు. రొట్టె పళ్లెం తన దగ్గరికి వస్తే రొట్టె తీసుకోకుండా పక్కవాళ్లకి అందించేవారు. చనిపోయేదాకా అంతే. పాస్టరు గారు ఇంటికెళ్లి బతిమాలినా వినలేదు. అది మొండితనమని నేను పోట్లాడాను. "నాకూ దేవుడికీ మధ్య సంగతి, నువ్వు నడుమ దూరమాక," అన్నారు.

ఎముక అతుక్కున్నాక నేను షెడ్డుకి వెళ్లి పని నేర్పమన్నాను. ఆయన ఒప్పుకోలేదు. మర్నాడూ వెళ్లాను, తిట్టారు. మూడోరోజూ వెళ్లాను, ఈసారి తిట్టకుండా ఒక కారు చూపించి "సాకెట్టు యాడుండాదో వెతుకు," అన్నారు. నేను టార్చిలైటు వేసి మెడ విరిగేలా తిప్పి చూస్తుంటే నవ్వారు. మనుబోలు తర్వాత ఆయన నవ్వగా చూడటం అదే మొదలు. "కంటితో కాదు మే, వేళ్లతో. స్టీరింగు కిందనుంచి మొదలుపెట్టి తలుపువైపుకి పో. దొరక్కపోతే గేరువైపుకి రా. కొన్ని బండ్లకు మూత ఉంటాది, గోరు పెట్టి లాగాల. ఎంత దాచినా డ్రైవరు సీటుకు చెయ్యందే దూరంలోనే ఉంటాది." ఆ షెడ్డులో ఒకటే చట్టం, చదవకుండా చెరపకూడదు. చదివింది బండిగలాయనకు చూపించాలి. బాగుచేశాకే చెరపాలి. ఎంతటివాడు వచ్చి అడిగినా అంతే. నేను ఒకసారి స్కానరు అబద్ధం చెప్పదు గదా అని పొగిడితే ముఖం చిట్లించారు. "చెప్పదు. అడిగినదానికే చెప్తాది కూడా. నేను ఆరోజు అడగలేదు," అన్నారు.

ఆయన పోయినప్పుడు సమాధి దగ్గరికి జనం తక్కువగా వచ్చారు. రూతు వచ్చింది. అందరూ వెళ్లాక నా పక్కకు వచ్చి నిలబడింది. "ఎవురూ అడగలేదన్నాడు గదా వదినా ఆరోజు," అంది. "బండి తాళం మా యమ్మ కొంగున ముడేసుకుని ఉంటాదని నాకు తెలవదా? ఆయమ్మ ఇయ్యకుండా ఆయన లైటు ఎట్టా ఆర్పతాడు? నాకు అప్పుడే తెలుసు." ఇంతకాలం ఎందుకు చెప్పలేదని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. మట్టి తీసుకుని గుంటలో వేసింది. ఇప్పుడు ఈ మాటలు రాయడానికి అనుమతిచ్చింది కూడా ఆమే.

నన్ను మళ్లీ స్టీరింగు ముందు కూర్చోబెట్టింది ఆశీర్వాదం గారే. ఆయన దగ్గర పని నేర్చుకునే రోజుల్లో బండ్లు విప్పేదాన్ని, బిగించేదాన్ని గానీ నడపమంటే నా ఒళ్లు చల్లబడేది. టెస్టుకి ఆయనే తీసుకుపోయేవారు. ఒక మధ్యాహ్నం బాగుచేసిన కారు తాళం నా చేతిలో పెట్టి, "మనుబోలు దాకా పోయొద్దాం," అన్నారు. కుదరదన్నాను. వినలేదు. నేను డ్రైవరు సీటులో కూర్చున్నాను. ఆయన వెనక తలుపు తెరుచుకుని వెనక సీటులో ఎక్కారు. "ముందుకు రా పెదనాయనా, నాకు భయంగా ఉంది," అన్నాను. "తోలు," అన్నారు.

నెల్లూరు దాటాం. మనుబోలు దగ్గర పడేకొద్దీ నా అరచేతులు తడిసి స్టీరింగు జారుతోంది. వెనకనుంచి ఒక లారీ వచ్చి హారను కొట్టింది. అద్దంలో లారీ ముఖం, దాని ముందు ఆశీర్వాదం గారి తల కనిపించాయి. ఆయన కళ్లు మూసుకుని, ముందు సీటు వీపును రెండు చేతులతో పట్టుకుని ఉన్నారు. వణుకుతున్నారు. ఎప్పుడూ కార్లను తిట్టే మనిషి చిన్నపిల్లాడిలా వణుకుతున్నారు. నేను ఎడమవైపుకి తప్పుకున్నాను, లారీ వెళ్లిపోయింది. ఆ చోటు దాటాం. ముందుకెళ్లి బండి పక్కకి ఆపి వెనక్కి తిరిగాను.

"ఇంత భయం పెట్టుకుని వెనక ఎందుకు కూర్చున్నావు పెదనాయనా?"

ఆయన ముఖం తుడుచుకున్నారు. "మార్తమ్మ కూచున్న చోట నేను కూచోకుండా, నిన్ను నీ చోట ఎట్టా కూచోబెట్టేది మే?" అన్నారు.

షెడ్డు ఇప్పుడు నేను నడుపుతున్నాను. బండి బాగుచేశాక టెస్టుకి నేను నడపను. తెచ్చినవాళ్లనే నడపమని తాళం ఇచ్చి, నేను వెనక సీటులో కూర్చుంటాను. హైవే ఎక్కాక వెనకనుంచి లారీ హారను వినిపిస్తుంది. భయమేస్తుంది. ఇన్నేళ్లయినా ప్రతిసారీ భయమేస్తుంది. ముందు సీటు వీపు రెండు చేతులతో పట్టుకుని, "పోనీ," అంటాను.